లోపలి బలం దెబ్బలాటలో పనికొస్తుందా?

పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. నర్సీపట్నంలో రూం తీసుకుని డిగ్రీ చదువుతున్నాడు, ఇల్లు చింతపల్లి పైన. ఎవరో మాస్టారు "చైనా అంతర్గత శక్తి" నేర్పుతానన్నాడంట. ఆరు నెలలు కదలకుండా నిలబడి ఊపిరి సాధన చేస్తే కడుపులో బలం పుడుతుందంట. తర్వాత ఎవరు కొట్టినా తగలదు, కత్తి కూడా దిగదు, ఆఖరికి ముట్టుకోకుండానే మనిషిని పడగొట్టొచ్చు అన్నాడంట. ఫీజు చెప్పాడు, ఆ అంకె ఇక్కడ రాయం. ఇంటి దగ్గర నాన్న మిరియాలు అమ్మితే వచ్చే డబ్బులో సగం అనుకోండి. "కట్టమంటారా అన్నా?" అని తమ్ముడి ప్రశ్న. కింద నలభై మంది నవ్వే బొమ్మలు పెట్టారు గానీ ఒక్కరూ జవాబు రాయలేదు. అందుకే రూంలో ఉన్న మేము నలుగురం కూచుని, తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాం. మాలో ఇద్దరు స్కూలు రోజుల నుంచి కరాటే చేసినవాళ్ళు, ఒకరు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడారు. నాలుగో ఆయన ఏమీ ఆడడు, పుస్తకాలు చదువుతాడు. చైనా సంగతులు ఎక్కువ ఆయనవే.

ముందు ఆ విద్య ఏంటో చూద్దాం. చైనావాళ్ళు తమ యుద్ధవిద్యల్లో కొన్నిటిని "లోపలి" విద్యలు అంటారు. తాయ్‌చి, షింగ్‌యి, బాగ్వా అని మూడు పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. ఈ లోపల, బయట అనే తేడా మొదట కనబడేది 1669లో ఒక వీరుడి సమాధి కోసం రాసిన రాతలో. ఆ మూడు విద్యలనూ ఒక కుటుంబంగా కలిపి ప్రచారం చేసినవాళ్ళలో సున్ లుతాంగ్ అనే ఆయన ముఖ్యుడు, 1933లో పోయాడు. అంటే ఐదువేల ఏళ్ళ రహస్యం అని చెప్పే మాట నిజం కాదు. సాధన మాత్రం నిజంగానే ఉంది. చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టి చాలాసేపు నిలబడతారు. బొడ్డు కింద మనసు పెట్టి ఊపిరి తీస్తారు. ఒంట్లో ఎక్కడా బిగింపు లేకుండా నెమ్మదిగా కదులుతారు. ఇద్దరు చేతులు ఆనించుకుని ఎదుటివాడి బరువు ఎటు పోతుందో పసిగట్టే ఆట ఒకటి ఆడతారు. దీనంతటి వల్లా పుట్టే దెబ్బ చేతి కండ నుంచి కాకుండా నేల నుంచి లేచి నడుం మీదుగా వస్తుందని అంటారు.

ఈ ఆఖరి మాటలో అబద్ధం లేదు. మన ఇళ్ళలో చూసుకోండి. కట్టెలు కొట్టేటప్పుడు కొత్త కుర్రాడు గొడ్డలిని చేత్తో కొడతాడు, పది దెబ్బలకి భుజం పట్టేస్తుంది. తాత కొడితే ఒంటి బరువంతా గొడ్డలి మొనలోకి దిగుతుంది, ఆయన చేతులు చూస్తే సన్నగా ఎండిన వెదురులా ఉంటాయి. రోకలి దంచే మా అమ్మలు దెబ్బ పడే క్షణంలోనే "హుఁ" అని ఊపిరి వదులుతారు. ఆ ఊపిరికి పొట్ట కండరాలు బిగిసి నడుం గట్టిపడుతుంది, కాళ్ళ బలం చేతికి చేరేటప్పుడు మధ్యలో కారిపోదు. బొడ్డు కింద చోటుకి చైనాలో దాంతియెన్ అని పేరు పెట్టారు. నిలబడ్డ మనిషి బరువుకి కేంద్రం కూడా దాదాపు అక్కడే ఉంటుంది. బిగింపు వద్దనడానికీ కారణముంది. చేతిని చాచే కండ, ముడిచే కండ రెండూ ఒకేసారి బిగిస్తే ఒకదాన్ని ఒకటి లాక్కుంటాయి, దెబ్బ నెమ్మదిస్తుంది. కాబట్టి లోపలి బలం అని వాళ్ళు చెప్పేదాంట్లో సగం మన ఊళ్ళలో పేరు లేకుండా నడుస్తున్న పనితనమే. మోపు నెత్తిన పెట్టుకుని లంబసింగి వైపు కొండ దిగే అక్కకి ఎవరూ నిలబడే సాధన నేర్పలేదు.

కానీ కట్టె తిరిగి కొట్టదు కదా. మేము చెప్పదలిచిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది.

1954 జనవరిలో మకావులో ఒక పోటీ జరిగింది. తాయ్‌చి పెద్ద వంశంలోని వు గోంగ్‌యి ఒక పక్క, వయసు యాభై దాటింది. రెండో పక్క తెల్లకొంగ విద్య నేర్చిన చాన్ హక్‌ఫు, చాలా చిన్నవాడు. హాంకాంగ్‌లో షెక్ కిప్ మెయ్ అనే చోట గుడిసెలు కాలిపోయి వేలమంది రోడ్డున పడితే, వాళ్ళ సాయం కోసం డబ్బు పోగుచెయ్యడానికి పెట్టారు. లోపలి బలం మీద ఎంతో విన్న జనం ఊపిరి బిగపట్టి చూశారు. కనబడింది ఏంటంటే, ఇద్దరు మనుషులు చేతులు ఊపుకుంటూ, తోసుకుంటూ, ముక్కు మీద కొట్టుకుంటూ, రక్తం కారుతూ. రెండో రౌండులోనే ఆపేసి గెలుపోటములు లేవని ప్రకటించారు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. ముట్టుకోకుండా పడగొట్టడం సంగతి దేవుడెరుగు, ముట్టుకున్నా పడలేదు. తమాషా ఏంటంటే, ఆ పోటీ రేపిన వేడిలోనే హాంకాంగ్ పేపర్లో కొద్దిరోజులకే లియాంగ్ యూషెంగ్ అనే ఆయన కొత్తరకం కుంగ్‌ఫూ నవల సీరియల్‌గా మొదలుపెట్టాడు. ఆ దారిలోనే నవలలు, సినిమాలు వచ్చాయి, అరచేత్తో గాలి విసిరితే పదిమంది ఎగిరిపడడం మనదాకా వచ్చింది. బరిలో తేలనిది కాగితం మీద గెలిచింది.

తర్వాత 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో షు షియావోదాంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటరు, వెయ్ లెయ్ అనే తాయ్‌చి గురువుతో తలపడ్డాడు. ఈ వెయ్ లెయ్ అంతకుముందు టీవీలో అరచేతి మీద పావురాన్ని పెట్టుకుని, అది ఎగరకుండా లోపలి బలంతో ఆపుతున్నానని చూపించినాయన. పోటీ ఇరవై సెకన్లు కూడా నడవలేదు. గురువు కింద పడ్డాడు, మీద కూచుని కొడుతుంటే ఆపారు. 2020 మే నెలలో మా బావోగువో అని ఇంకో పెద్దాయన, యాభై ఏళ్ళ ఔత్సాహికుడి చేతిలో అరనిమిషంలో మూడుసార్లు పడిపోయాడు, మూడోసారి లేవలేదు. ముసలాయన మీద నవ్వడం మాకు ఇష్టం లేదు. కానీ అలాంటి గురువుల దగ్గర శిష్యులు ఏళ్ళ తరబడి ఎగిరెగిరి ఎందుకు పడతారన్నది ఆలోచించాలి. వాళ్ళంతా దొంగలేం కాదు. గురువు చెయ్యి ఎత్తగానే పడిపోవడం ఒక మర్యాదగా అలవాటవుతుంది. పడనివాడిని "నీకు ఇంకా స్పర్శ రాలేదు" అంటారు. కొన్నాళ్ళకి శిష్యుడి ఒళ్ళు తనంతట తానే పడుతుంది. గురువు కూడా తన చేతిలో ఏదో ఉందని నిజంగా నమ్మేస్తాడు. బయటివాడు వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలీదు.

మరి సాధన మొత్తం దండగా? అలా అనం. అదే చైనాలో తాయ్‌చి వంశాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు సాండా అనే తన్నులాట, కుస్తీ కలిపి నేర్చుకుని బరిలో గట్టిగానే నిలబడతారు. వాళ్ళకి ఆ నడుం, ఆ కుదురు పనికొస్తాయి, ఎందుకంటే రోజూ తిరిగి కొట్టేవాడితో ఆడతారు. వయసు మీద పడినవాళ్ళు తాయ్‌చి చేస్తే తూలి పడిపోవడం తగ్గుతుందని పరిశోధనలు గట్టిగా చెప్తున్నాయి. మోకాళ్ళ నొప్పులకీ మంచిదే. మా అభిప్రాయం ఏంటంటే, నిలబడే సాధన విత్తనం లాంటిది, దెబ్బలాట దుక్కి లాంటిది. దుక్కి లేకుండా రాయి మీద చల్లితే ఏమొస్తుందో మనకి తెలుసు. నిజం దెబ్బలాటలో గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, చూపు ఇరుకైపోతుంది. ఒంటరిగా గదిలో నిలబడి ఊపిరి తీసినవాడికి ఆ వణుకు కొత్త. రోజూ తోటివాడితో దెబ్బలు తిన్నవాడికి పాత.

"బోధిధర్ముడు మనోడే కదా, ఆయనే కదా షావోలిన్‌లో నేర్పింది" అని ఎవరో ఒకరు కింద రాస్తారని తెలుసు. సూర్య సినిమా సెవెన్త్ సెన్స్ మేమూ చూశాం, ఈలలు కూడా వేశాం. బోధిధర్ముడు దక్షిణ దేశం నుంచి వెళ్ళిన బౌద్ధ గురువని సంప్రదాయం చెప్తుంది. ఆయన పోరాటం నేర్పాడన్న కథ మాత్రం ఆయన తర్వాత వెయ్యేళ్ళు దాటాక, 17వ శతాబ్దపు ఒక వ్యాయామ పుస్తకం నుంచి పాకింది. సినిమా సినిమానే.

ఇక మన కొండల సంగతికి వద్దాం. నిజానికి ఈ పోస్టు రాయడానికి మమ్మల్ని కుదురుగా కూచోబెట్టింది ఇదే. ఆ మాస్టారు తమ్ముడితో ఒక మాట అన్నాడంట: "మీ ఏజెన్సీవాళ్ళకి ఇది కొత్త కాదురా, అల్లూరి సీతారామరాజుకి తూటా తగలకపోవడం ఇదే శక్తి." ఈ మాట వింటే పొంగిపోతాం. మేమూ చిన్నప్పుడు ఇలాంటివి వింటూనే పెరిగాం. రాజుగారికి తూటా తగలదని ఆ రోజుల్లో మన్యంలో చాలామంది నమ్మారని అప్పటి ప్రభుత్వ రికార్డుల్లోనూ ఉంది. తూటాలు నీళ్ళైపోతాయని బిర్సా ముండా మనుషులూ నమ్మారు. ఆఫ్రికాలో జర్మన్ల మీద 1905లో లేచిన మాజీ మాజీ తిరుగుబాటులో మంత్రించిన నీళ్ళు పంచారు. చైనాలోనే 1900లో బాక్సర్లు అని ఇంగ్లీషువాళ్ళు పేరు పెట్టిన రైతు కుర్రాళ్ళు, దేవతలు ఒంటి మీదకి వస్తే, సాధన చేస్తే తుపాకి ఏమీ చెయ్యదని నమ్మి విదేశీ సైన్యాలకి ఎదురెళ్ళారు. ఆగస్టులో ఎనిమిది దేశాల సైన్యం బీజింగ్‌లోకి దిగింది. ఎంతమంది పోయారో ఊహించుకోండి. 1900 జనవరిలో డోంబారి కొండ మీద ముండాలు కూడా తూటాలకే పోయారు.

కానీ మన్యంలో జరిగింది జాగ్రత్తగా చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసుస్టేషన్లు. 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు పట్టుకెళ్ళారు. తీసుకున్న సామాను లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. తూటా మీద లెక్కలేనివాడికి తుపాకులతో పనేంటి? సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు బలగంతో వస్తున్నారు. మనవాళ్ళు చాటున పొంచి ఉన్నారు. ముందు నడుస్తున్న మన దేశపు పోలీసుల్ని పోనిచ్చారు, వెనక దొరల్ని కొట్టారు. ఆ ఇద్దరి సమాధులు మన నర్సీపట్నంలోనే ఉన్నాయి, చాలామందికి తెలీదు. ఒక్క క్షణం ఆలోచించండి. తూటా తగలదని నిజంగా నమ్మినవాడు చాటున ఎందుకు దాక్కుంటాడు? దారి ఎక్కడ ఇరుకో, మలుపు ఎక్కడో, ఎవరు ముందు నడుస్తారో, ఎంతసేపు గురి పట్టి ఆగాలో వాళ్ళకి తెలుసు. ముందువాళ్ళు కళ్ళెదుట పోతుంటే వేలు కదపకుండా ఆగడానికి కావలసిన నిబ్బరం ఉందే, లోపలి బలం అని పేరు పెట్టాలంటే మేము దానికి పెడతాం.

అదే సంవత్సరం డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర వరిచేలల్లో ఎదురుపడ్డారు. చాటు లేదు, అవతల మలబారు పోలీసుల చేతుల్లో పెద్ద తుపాకులు. అక్కడ, ఆ రాత్రి విడిది మీద పడ్డ దాడిలో కలిపి డజను దాకా మనవాళ్ళు పోయారు. దామనపల్లిలో ఉన్న మనుషులూ, నమ్మకమూ ఇక్కడా ఉన్నాయి. మారింది చోటు, ఆయుధం. రాజుగారిని 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చారు. తూటా తగిలింది. కృష్ణదేవిపేటలో సమాధి దగ్గర మనం ఏటా నిలబడేది అందుకే.

నమ్మకం ఉత్తదేనా అని మాలో ఒకరు అడ్డం తగిలారు, ఆ వాదన ఒక రాత్రంతా నడిచింది. ఆయన మాట ఇది: భయంతో తలొంచుకు బతికిన జనం, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి కొండల మీదకి వేసే రోడ్డు పనికి సరిగ్గా కూలీ ఇవ్వకుండా తోలితే నోరెత్తలేని జనం, అడవి చట్టంతో పోడు కూడా పోగొట్టుకున్న జనం, పోలీసుస్టేషన్ మెట్లు ఎక్కాలంటే ఏదో ఒక పెద్ద నమ్మకం కావాలి కదా. నిజమే. మేము ఒప్పుకున్నాం. ఇంటి నుంచి బయటికి అడుగు వేయించడానికి నమ్మకం పనిచేసింది. ఘాటీలో గెలిపించింది మాత్రం కొండ తెలిసిన కాళ్ళు, రాత్రిపూట నడక, ఊరూరా కబురు మోసిన మనుషులు, దాచిపెట్టి అన్నం పెట్టిన ఆడవాళ్ళు. రూథర్‌ఫర్డ్ వచ్చాక ఊళ్ళ మీద పడి ఒత్తిడి చేశాడు. ఆయనకి అసలు బలం ఎక్కడుందో బాగా తెలుసు మరి.

మా కోపం కూడా ఇక్కడే. "మంత్రబలం" అని ఎవరైనా అంటే, గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్ళ తెలివి, పేరు లేకుండా పోయిన వందలమంది పనితనం అన్నీ ఒక్క మాటలో కొట్టుకుపోతాయి. అడవివాళ్ళు కదా, ఏదో పూనకంలో గెలిచారు అన్నట్టు ఉంటుంది. ఇదే యుద్ధం ఏ రాజుల వంశమో చేసి ఉంటే "వ్యూహం" అని పాఠంలో రాసేవాళ్ళు. మల్లు దొర అండమాన్ జైలుకి పోయి, బతికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. ఆ మనిషి ఏ కవచం వల్ల బతికారని చెప్తాం?

తమ్ముడూ, ఇక నీ ఫీజు సంగతి. ఆ మాస్టారిని ఒకటే అడుగు: "మీ దగ్గర నేర్చుకోని మనిషిని, మా రూం నుంచి ఒకణ్ణి తీసుకొస్తాం, ఆయన పడకుండా ఉండడానికి ప్రయత్నిస్తాడు, మీరు పడగొట్టండి." ఒప్పుకుని చేసి చూపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. మా శక్తి ప్రమాదం, బయటివాళ్ళ మీద వాడకూడదు అంటే, నమస్కారం పెట్టి బయటికొచ్చెయ్. మర్యాద తప్పొద్దు. కత్తి దిగదని మాత్రం ఎవరి మాటా నమ్మకు. మెత్తటి ఒళ్ళు, కత్తి మొన, అంతే. సర్కస్‌లో చూపించేవాటిలో మొన మొద్దుగా ఉంటుంది, లేదా కోసే కదలిక లేకుండా నొక్కుతారు. రాత్రి కాంప్లెక్స్ దగ్గర తాగినవాడు కత్తి తీస్తే ఆరు నెలల ఊపిరి గుర్తుకొచ్చి ఎదురు నిలబడతావేమో అని మాకు భయం. ఫీజు పోతే మళ్ళీ మిరియాలు కాస్తాయి.

నేర్చుకోవాలని ఉంటే మంచిదే, నేర్చుకో. బాక్సింగ్, జూడో, కుస్తీ, ఏదైనా సరే, వారానికి రెండుసార్లు ఎదుటివాడు నిజంగా అడ్డుపడే చోట చేరు. మణిపూర్ కొండల్లో కోమ్ తెగ ఆడపిల్ల మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యింది, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెది కూడా నేల నుంచి నడుం మీదుగా వచ్చే దెబ్బే. తేడా ఏంటంటే, ఆ దెబ్బని తప్పించుకునేవాళ్ళ మీద వేల సార్లు వేసింది. చెల్లెళ్ళు ఎవరైనా ఆత్మరక్షణ కోసం అడిగితే మా సలహా ఇంకా సాదా. ముందు అరవడం, విడిపించుకోవడం, పరిగెత్తడం నేర్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నిలబడి గెలవడం నేర్పేవాళ్ళ సంగతి తర్వాత.

డబ్బు లేకపోతే కబడ్డీ ఉంది. కూతకి వెళ్ళినవాడు ఒక్క ఊపిరి మీద ఏడుగురి మధ్యకి పోతాడు. ఊపిరి వదిలితే అవుట్. బిగుసుకుపోతే దొరికిపోతాడు, మరీ వదులైతే ఎత్తి పడేస్తారు. కాలు ఎవరి చేతికి అందుతుందో చూపు కన్నా ముందు చర్మానికి తెలియాలి. పట్టినవాడు వదలడు, బతిమాలితే అసలు వదలడు. చైనా గురువులు పుస్తకాల్లో రాసుకున్న ఊపిరి, కుదురు, స్పర్శ అన్నీ ఇందులో ఉన్నాయి, పైగా ఎదుటివాడు నిజం. ఆదివారం పొద్దున్న ఆరింటికి మేము ఆడతాం. తమ్ముడూ, నువ్వూ రా. షూ అక్కర్లేదు. ఆ మాస్టారు కూడా వస్తానంటే తీసుకురా, రైడ్ ఇస్తాం.

ఇంకొక విన్నపం. జి.కె. వీధి, కొయ్యూరు, చింతపల్లి వైపు మీ ఊళ్ళలో పాతవాళ్ళు ఇంకా ఉంటే, ఫితూరీ రోజుల్లో కబురు ఎలా మోశారని, ఏ దారిన నడిచారని, తిండి ఎవరు పెట్టారని వాళ్ళ తాతలు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి ఈ పోస్టు కింద పెట్టండి. తూటా నీళ్ళయిన కథ చెప్తే అది కూడా పెట్టండి, వింటాం.